పాసు మీద పేరు

వేసవి సెలవులకు ముందు మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల లైన్లో ఒక రిహార్సల్ జరిగేది. ఎవరూ దాన్ని ఆ మాటతో పిలవలేదు గానీ అది రిహార్సలే. వర్క్‌షాపు మధ్యాహ్నం సైరన్ మోగి, మగవాళ్లు సైకిళ్ల మీద అన్నాలకు ఇళ్లు చేరుతున్న వేళ, మా పక్కింటి పిన్ని అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది. లైన్లో ఆడవాళ్లెవరో ఒకరు టీసీ గొంతు పెట్టి అడిగేవారు.

"ఏయమ్మా, నీ పేరేటి?"

పిన్ని చేట పక్కన పెట్టి, పైట సర్దుకుని, తనది కాని పేరొకటి చెప్పేది. అరుగులన్నీ ఘొల్లుమనేవి.

"అలగ నీలుగుతా సెప్తే టీసీ పట్టీసుకుంటాడే! గబుక్కున సెప్పాల. పేరు సెప్పుకుందికి ఆలోసనేటి?"

"నా పేరయితే గబుక్కునే సెప్తానొదినా. ఇది నా పేరు కాదు గదా," అనేది పిన్ని, మళ్లీ చేట అందుకుంటూ.

ఆమె మాకు చుట్టం కాదు. ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరు. మా నాన్న అదే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా. రెండిళ్లకూ మధ్య ఒక ఎర్ర ఇటుకల గోడ, ఆ గోడకు ఒక ఇటుక ఊడిపోయిన కంత. ఆ కంతలోంచే కరివేపాకూ, అగ్గిపెట్టె, పలకరింపులూ అటూ ఇటూ నడిచేవి. అందుకని ఆయన నాకు బాబాయి, ఆమె పిన్ని.

బాబాయికి ఆమెది మారుమనువు. శ్రీకాకుళం పక్క పల్లెల్లో పుట్టి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బతికిన వాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మొదటి పెళ్లికి మేళం, పందిరి, ఊరంతా భోజనం. మారుమనువుకు అవేవీ ఉండవు. కులపెద్దల ఎదుట ఒక సాయంత్రం మగవాడు కొత్త చీర కట్టబెట్టి పుస్తె కడతాడు, ఆమె అతని ఇంటికి వస్తుంది. అంతే. పిలుపులుండవు, ఫొటోలుండవు. అలాగని అది తక్కువ పెళ్లి అని ఎవరూ అనుకోరు.

బాబాయికి చిన్నతనంలోనే ఊళ్లో ఒక పెళ్లయింది. ఉద్యోగంలో చేరినప్పుడు భార్య పేరు రాయమంటే ఆవిడ పేరే రాశాడు. కానీ ఆవిడకు ఈ ఊరు రావడం ఇష్టం లేకపోయింది. తల్లిదండ్రులకు ఒక్కతే కూతురు, చేసుకోవడానికి పొలం ఉంది. రెండేళ్లు చూసి పెద్దల్లో కూర్చున్నారు. పుల్ల విరిచి ఇద్దరి చేతుల్లోనూ చెరో ముక్క పెట్టారు. తెగతెంపులు అయిపోయాయి. ఆ తర్వాత ఆవిడ పక్క ఊరి మనిషిని మారుమనువు చేసుకుంది. అప్పటికే మొగుడు పోయిన మా పిన్నిని బాబాయి తెచ్చుకున్నాడు. కోపాలు లేవు, తగువులు లేవు. పల్లెలో ఆ వ్యవహారం ముగిసిపోయింది. ముగియనిది ఆఫీసులో.

పేరు మార్చమని బాబాయి అడిగితే, విడాకులకు కోర్టు కాగితం తెమ్మన్నారట. విరిచిన పుల్లకు కాగితం ఎక్కడిది? అప్పుడు లైన్లో అనుభవజ్ఞులంతా కూర్చుని ఒక సంగతి తేల్చారు. పాసు మీద ఉండాల్సింది ఒక భార్య, ఇంట్లో ఉన్నదీ ఒక భార్యే. లెక్క సరిపోయింది కదా, ఇంకెందుకు కెలకడం? ఏటా ఊరెళ్లే ఉచిత పాసు మీద మొదటావిడ పేరే ఉండిపోయింది. రైలెక్కినంతసేపూ పిన్ని ఆవిడై కూర్చునేది, పలాసలో దిగగానే మళ్లీ తానయ్యేది.

కాలేజీ రోజుల్లో ఒక ఏడు అమ్మా నేనూ వాళ్లతో ఒకే పెట్టెలో ప్రయాణం చేశాం. బాలాసోర్ దాటాక ఒడియా టీసీ వచ్చాడు. పాసు చూసి, పిన్ని వైపు తిరిగి పేరడిగాడు. పిన్ని పైట సర్దుకుంది. చెప్పింది. ఆయన తలూపి వెళ్లిపోయాడు. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈపాలి బాగా సెప్పినావు," అన్నాడు మెల్లిగా. పిన్ని మూరీ డబ్బా మూత తీసి, మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు కలిపి, ముందు నాకు పెట్టింది. ఆ మూరీలో ఆవనూనె ఘాటు ఇప్పటికీ నా ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

తర్వాత అందరం ఆ లైను విడిచాం. నేను ఒక దినపత్రికలో చేరి ఊళ్లు తిరిగాను. బాబాయి రిటైరై ఖరగ్‌పూర్‌లోనే మలంచా రోడ్డు వెనక సందులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం చాలించుకుని నేను కూడా మలంచాలోనే ఇల్లు తీసుకున్నాక, సాయంత్రాలు వాళ్ల గుమ్మంలో టీ తాగడం అలవాటైంది. వాళ్లకు పిల్లలు లేరు. బాబాయి గోల్‌బజార్ వెళ్తే రెండు చేపలు తెచ్చేవాడు, ఒకటి మా ఇంటికి.

బాబాయి ఒక వానాకాలంలో పోయాడు. కర్మకాండలు అయ్యాక ఒక ఉదయం పిన్ని ప్లాస్టిక్ సంచితో మా ఇంటికి వచ్చింది. బ్యాంకులో తన పేరు పెన్షను కాగితంలోని పేరుతో కలవడం లేదన్నారని చెప్పింది.

సంచిలో పెన్షను ఆర్డరు ఉంది. దాని మీద బాబాయీ పిన్నీ కలిసి దిగిన ఫొటో. రిటైరయ్యేటప్పుడు గోల్‌బజార్ స్టూడియోలో తీయించుకున్నది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కెమెరాలోకి చూస్తున్నారు. ఫొటో కింద భార్య పేరు మాత్రం మొదటావిడది.

"మరి ఆధార్‌లో మీ పేరే ఉంది కదా పిన్నీ?"

"ఇంటికొచ్చి అడిగితే నా పేరే సెప్తాను గదా బాబూ. ఓటు కార్డుకి అడిగినా అదే సెప్పినాను. రైల్లో అడిగితేనే ఆ పేరు."

భర్త పోయాక కుటుంబ పెన్షను భార్య హక్కు. ఎవరి దయా కాదు. పిల్లలూ అత్తగారూ లేరు కనక ఆ రెండు గదుల ఇల్లూ ఆమెదే కావాలి. కానీ రెండింటికీ ముందు ఆమె ఆయన భార్య అని తేలాలి. తేలకపోతే తినడానికీ లేదు, ఉండడానికీ లేదు. పత్రికలో ఉన్న రోజుల్లో ఇలాంటి వార్తలు ఎన్నో రాశాను. ఆ సంచి నా ముందు బల్ల మీద ఉన్నప్పుడు అవేవీ అక్కరకు రాలేదు.

మా వీధిలో పెన్షనర్ల కాగితాలు చూసిపెట్టే రిటైర్డు హెడ్డు గుమాస్తా ఒకాయన ఉన్నారు. మంచివారు, అందరికీ సాయపడతారు. ఇద్దరం వెళ్లాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని, అంతా చూసి, నవ్వారు.

"దీనికింత దిగులెందుకమ్మా? ఇంట్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు, మనవాళ్లలో ఎంతమందికి లేదు? 'రెండు పేర్లూ నావే, ఇద్దరం ఒకరిమే' అని అఫిడవిట్ రాయిస్తాం. ఫొటో నీదేనాయె. నువ్వు సంతకం పెట్టు, పనైపోతుంది."

"ఆ పేరుగలావిడ బతికే ఉందండీ," అన్నాను.

"ఉంటే ఆవిడ ఊళ్లో ఆవిడుంటుంది. ఇక్కడికొచ్చి చూస్తుందా? ఒకటి మాత్రం చెబుతున్నా. ఆవిడ చెవిన వేయకండి. కాగితం మీద పెన్షను ఆవిడదే మరి. తెలిసిందంటే రేపే రైలు దిగి కూర్చుంటుంది. అప్పుడు ఈవిడ గతేంటి?"

పిన్ని సంచి తన దగ్గరకు లాక్కుంది. గుమ్మం బయట టోటో రిక్షా ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. తర్వాత మెల్లిగా అంది.

"రైల్లో అంటే ఒక పూట బాబూ. దిగినాక నేను నేనే గదా. ఇప్పుడీ కాయితం మీద యేలేసినానంటే సచ్చీదాకా ఆవిడ్నే అయిపోతాను. మరి ఆయన సీర కట్టబెట్టి తెచ్చుకున్నదెవుర్ని? నన్ను కాదేటి?"

"అది కాదమ్మా, లోకం తీరు..."

"లోకం నాకేటి పెట్నాది పెద్దయ్యా? ఆయన పెట్నాడు. ఆయన పెళ్లాన్ని నేనే. ఆ మాటే రాయించండి."

మేదినీపూర్ కోర్టులో నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నారు. బెంగాలీ, నా వయసువాడు, విలేకరిగా ఉన్నప్పటి నుంచీ పరిచయం. కాంసావతి వంతెన దాటుతుంటే పిన్ని నది వైపే చూస్తూ కూర్చుంది. వకీలుకు నేను బెంగాలీలో మొత్తం చెప్పాను. మారుమనువు దగ్గర ఆగిపోయాను. దానికి బెంగాలీలో ఏమనాలో తోచలేదు. పందిరి లేదు, పురోహితుడు లేడు, పెద్దలూ చీరా పుస్తే ఉన్నాయి అని విడమరుస్తుంటే ఆయన చేయెత్తి ఆపాడు.

"ఆరే దాదా, ఇది సాంగా! మా ఊళ్లోనూ ఉండేది. మా ఇంట్లో ధాన్యం దంచే మాసీది సాంగా పెళ్లే."

పిన్నికి ఆ మాట అర్థమైంది. "అదేనండీ, సాంగా, సాంగా," అంది, ఊళ్లో మనిషి ఎదురైనట్టు.

ఆయన చెప్పింది ఇది. కులాచారం ప్రకారం జరిగిన పెళ్లినీ, కులాచారం ప్రకారం జరిగిన తెగతెంపులనూ హిందూ వివాహ చట్టం కాదనదు. ఆచారం ఉందని, అది పాటించారని మనం రుజువు చేసుకోవాలి. ఇన్నేళ్లు భార్యాభర్తలుగా బతికారన్నది పెద్ద సాక్ష్యమే, కానీ మొదటి పెళ్లి తెగలేదంటే అదీ నిలబడదు. పుల్ల విరిచిన పెద్దల్లో ఎవరైనా ఉన్నారా?

"అందరూ పోనారు," అంది పిన్ని.

"అయితే ఒక్కరే మిగిలారు," అన్నాడు వకీలు. "ఆ మొదటావిడ."

హెడ్డు గుమాస్తాగారి హెచ్చరిక నాకు గుర్తుకొచ్చింది. పిన్నికీ వచ్చినట్టుంది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ కడ్డీ పట్టుకుని అడిగింది. "ఆవిడకి సెప్పకండా సాచ్చికం అడగడం అవ్వదేటి?"

"అవదు పిన్నీ. పెన్షను కాగితం మీద తన పేరుందని చెప్పే అడగాలి."

"అయితే సెప్పుదుం. ఆవిడ తీసుకుంటానంటే తీసుకోనీ. దొంగసాటుగా నేను తిననేను."

ఊరివాళ్లను పట్టుకుని ఆవిడ కొడుకు మొబైల్ నెంబరు సంపాదించాం. పిన్ని మా ఇంట్లోనే కూర్చుని ఫోన్ చేసింది. వినపడదని స్పీకరు పెట్టాను. ఇద్దరూ అంతకుముందు ఒకరినొకరు చూసినవారు కాదు. పిన్ని తానెవరో చెప్పింది. బాబాయి పోయాడని చెప్పింది. అటువైపు కోడి ఒకటి అరిచింది.

"అలగా? మంచోడే పాపం. సిన్నప్పుడు సింతకాయలు కోసిచ్చీవోడు," అంది ఆ గొంతు. "మరి నాకెందుకు పోను సేసినావమ్మా?"

పిన్ని ఏదీ దాచలేదు. పాసు సంగతి, రైళ్ల సంగతి, ఫొటో సంగతి, పెన్షను సంగతి. చివర్న, "కాయితం పెకారం నీదేనక్కా. నువ్వు నాదంటే నీదే అవుతాది," అంది.

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"ఒలమ్మో, ఏటంతన్నావు! నేనింకా ఆయన పెళ్లాన్నేనా? అలగయితే మా ముసలోడికి నేనేటవుతాను? ముగ్గురు కొడుకుల్ని కన్నాను, ఆళ్లేటవుతారు? ఊరందరి ముందు పుల్ల ఇరిసినారే! నా సేతిలో ముక్క నేనే గెడ్డలో పారీసినాను. ఎవుడా కాదన్నోడు? ఎప్పుడు రమ్మన్నావో సెప్పు."

పిన్ని ఫోన్ బల్ల మీద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

పిన్ని ఆయన భార్యేనని తేల్చమంటూ వకీలు కోర్టులో దావా వేశాడు. విచారణ రోజు దగ్గర పడ్డాక ఆవిడ కొడుకుతో కలిసి వచ్చింది. మేం ఖరగ్‌పూర్ స్టేషన్‌కి వెళ్లాం. ఆ ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నప్పుడల్లా నాకు సెలవుల రోజులే గుర్తొస్తాయి. మా లైనంతా ట్రంకుపెట్టెలూ కూజాలూ పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెత్తడం, సామాన్లు లెక్కపెడుతూ బాబాయి వెనకబడడం. ఇప్పుడు ట్రంకుపెట్టెలు లేవు, చక్రాల సంచుల గరగర తప్ప.

పెట్టెలోంచి ముందు ఒక చేతికర్ర, తర్వాత ఒక సన్నటి పొడవాటి ముసలావిడ దిగింది. పిన్నిని చూడగానే ఎవరో ఊహించేసింది.

"నువ్వేనా? నా పేరు మీద ఎన్నిపాల్లు ఈ రైలెక్కినావో ఏటో గానీ, నేను ఎక్కడం ఇదే తొలీపాలి!"

పిన్ని ఆవిడ చేతిసంచి అందుకుంది. "ఎండన పడి వచ్చినావు, నడువక్కా," అంది.

ఆ రోజు పిన్ని ఇంట్లో ఆమే మా ఆవిడా కలిసి వంట చేశారు. ఊరినుంచి వచ్చినావిడ బెంగాలీ చేపల పులుసు రుచి చూసి, ఆవనూనె వాసనకు ముక్కు ముడిచి, మళ్లీ వేయించుకుంది. భోజనాల తర్వాత గోడకు ఉన్న బాబాయి ఫొటో ముందు నిలబడింది.

"జుట్టంతా ఊడిపోనాదే! నిద్దట్లో పళ్లు కొరికీవోడు, మానీసినాడా?"

"మాన్నేదక్కా," అంది పిన్ని. "కట్టుడు పళ్లెట్టినాకే ఆగింది. అవి గళాసులో ఉంటాయి గదా."

ఇద్దరూ నవ్వుతూ నవ్వుతూ గచ్చు మీద కూలబడ్డారు. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ తన కొంగుతో తుడిచింది. ఆ ఇంట్లో బాబాయి పోయాక నేను విన్న మొదటి నవ్వు అది.

కోర్టులో తెలుగు వచ్చినవాళ్లు లేకపోవడంతో, మా వకీలు అడిగితే, నాచేత ప్రమాణం చేయించి అనువాదానికి నిలబెట్టారు. రైల్వే తరఫు వకీలు, అది ఆయన పని గనక, సూటిగానే అడిగారు. రికార్డులో ఉన్నది మీ పేరే, మీరెందుకు వదులుకుంటున్నారు, ఎవరైనా బెదిరించారా?

ఆవిడ కర్రను బోనుకు ఆనించింది. "వదులుకుందికి నాదయితే గదా నాయినా? పుల్ల ఇరిసినరోజే అయిపోనాది. మా ముసలోడి పెన్షను ఉంటే సెప్పండి, అది మాత్రం నానొదల్ను."

నేను బెంగాలీలోకి మార్చగానే జడ్జిగారు తల వంచి ఏదో రాసుకున్నారు. నవ్వు దాచుకున్నారని నా అనుమానం. పాసు సంగతి మా వకీలు తానే ముందు చెప్పాడు, ఎవరూ తవ్వి తీయాల్సిన పని లేకుండా. మా పాత లైన్లో మిగిలిన ఇద్దరు ముసలమ్మలు వచ్చి, పిన్ని కొత్త చీరతో క్వార్టరు గుమ్మంలో అడుగుపెట్టిన సాయంత్రం హారతిచ్చింది తామేనని చెప్పారు. వాళ్లలో ఒకావిడే ఒకప్పుడు టీసీ గొంతు పెట్టి పేరడిగిన మనిషి.

తీర్పు వెంటనే రాలేదు. అలాంటివి రావు. రెండు దసరాలు దాటాయి. ఆ మధ్యలో పిన్ని సాలువా దారిలో ఒక ఇంట్లో వంటపనికి కుదిరింది, వద్దన్నా వినలేదు. చివరికి ఆమె ఆయన చట్టబద్ధమైన భార్యేనని కోర్టు చెప్పింది. ఆ తీర్పు నకలు అందాక ఆఫీసు కూడా అడ్డుచెప్పలేదు. కొత్త ఆర్డరు వచ్చిన రోజు పిన్ని దాన్ని చదివించుకోలేదు. తన పేరు ఎక్కడుందో వేలుతో చూపించమంది. చూపించాను. కాసేపు చూసి, మడిచి, అదే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. ఇల్లూ ఆమె పేరుకు మారింది.

ఆ ముసలావిడ వెళ్లేటప్పుడు రైలు కిటికీలోంచి, "ఈపాలి నువ్వు రా, నీ పేరు మీద," అని పిలిచి వెళ్లింది. రైల్వే ఉద్యోగుల వితంతువులకు కూడా పాసు ఇస్తారు. పిన్నికి అది అందగానే మొదటి ప్రయాణం అటే అంది. నేనూ మా ఆవిడా తోడు వెళ్లాం.

బాలాసోర్ దాటాక టీసీ వచ్చాడు. కుర్రవాడు, చేతిలో చిన్న మెషీన్. మా సీట్ల నెంబర్లు చూశాడు, తెర మీద వేలు ఆడించాడు, "ఠీక్ హై, మాజీ," అని ముందుకు కదిలాడు.

"అదేటి?" అంది పిన్ని నాతో. తర్వాత అతన్ని పిలిచింది. "దాదా! నామ్ నహీ పూఛా?"

అతను వెనక్కి తిరిగి నవ్వాడు. పేరు మెషీన్లో ఉంది మాజీ, అడగక్కర్లేదు అన్నాడు హిందీలో.

పిన్ని పైట సర్దుకుంది. అయినా చెప్పింది, గబుక్కున, పెట్టెలో నాలుగు సీట్ల అవతలికి వినబడేలా. అతను మర్యాదకు మెషీన్ వంక ఇంకోసారి చూసి, "హా మాజీ, యహీ హై," అన్నాడు.

"సూసినావా? దాన్లో కూడా అదే ఉన్నాదంట," అంది నాతో. మూరీ డబ్బా మూత తీసి, ఉల్లిపాయ ముక్కలు కలిపి, కిటికీ పక్కన బాబాయి కూర్చునే చోటు వైపు ఒకసారి చూసి, ముందు నాకు పెట్టింది.